డిజిటల్ క్లాక్ ప్రాజెక్టు 9 దగ్గర ఆగిపోయింది, సోమవారం సబ్మిషన్: రెడీమేడ్ కొనేయమంటారా?

ప్రశ్న: అన్నా, పాలిటెక్నిక్ ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. 74ఎల్‌ఎస్90, 7447 ఐసీలతో (మొదటిది లెక్కపెట్టే కౌంటరు, రెండోది ఆ అంకెను డిస్‌ప్లే మీద వెలిగించేది) డిజిటల్ గడియారం చేస్తున్నాను. యూట్యూబ్ వీడియో చూసి సెకన్ల వరకు చేశాను. 00 నుంచి 59 దాకా వచ్చి మళ్ళీ 00 అవుతోంది. అదే పద్ధతిలో నిమిషాలూ కలిపాను. ప్రతి ఐసీ 11వ కాలి నుంచి తర్వాతి ఐసీ 14వ కాలికి ఇచ్చుకుంటూ వెళ్ళాను. నిమిషాల ఒకట్ల డిస్‌ప్లే మీద 9 పడి అసలు కదలడం లేదు. సెకన్లు కూడా అప్పుడప్పుడు రెండేసి దూకుతున్నాయి. ప్రోటియస్‌లో (కంప్యూటర్లో సర్క్యూట్ నడిపి చూసే సాఫ్ట్‌వేర్) సెకన్లు చూశాను, బాగానే వచ్చాయి. మూడు గ్రూపుల్లో అడిగితే ఎవరూ పలకలేదు, ఒకాయన మాత్రం "హోంవర్క్ నువ్వే చేసుకో" అన్నాడు. టెలిగ్రామ్‌లో ఒకతను 4,500 ఇస్తే తయారైన బోర్డు, రిపోర్టు, పీపీటీ అన్నీ పంపిస్తానంటున్నాడు. సోమవారమే సబ్మిషన్. ఏం చేయమంటారు?

సమాధానం:

తమ్ముడూ, డబ్బులు జేబులోనే ఉంచుకో. నీ బోర్డు మీద ఉన్నవి రెండు తప్పులు, మహా అయితే మూడు. వాటి ఆచూకీ నీ ప్రశ్నలోనే ఉంది, నువ్వు గమనించలేదంతే. ఆ గ్రూపుల్లో కూడా ఇలాగే, "9 పడి కదలడం లేదు", "11 నుంచి 14కి ఇచ్చాను" అని రాసి ఉంటే ఎవరో ఒకరు పలికేవాళ్ళు. "అర్జెంట్, క్లాక్ పనిచేయడం లేదు, ప్లీజ్ హెల్ప్" అని పెట్టి ఉంటావని నా అనుమానం. తప్పయితే క్షమించు.

ముందు 9 సంగతి. కదలకుండా కూర్చున్న అంకె ఏదైనా కావచ్చు కదా, 9యే ఎందుకు పడింది? 7490లో (నీ 74ఎల్‌ఎస్90నే పొట్టిగా అలా అంటాం) 2, 3 కాళ్ళు సున్నాకు తెచ్చే రీసెట్ కాళ్ళు. 6, 7 కాళ్ళు తొమ్మిదికి తెచ్చేవి. ఆ రెండూ కలిసి హై అయితే కౌంటరు క్లాకును పట్టించుకోదు, 9 చూపిస్తూ కూర్చుంటుంది. "నేను ఆ కాళ్ళకు ఏమీ ఇవ్వలేదు, మరి హై ఎలా అవుతాయి?" అంటావు. చిక్కంతా అక్కడే. టీటీఎల్ ఐసీలో (నీ 74ఎల్‌ఎస్ ఆ రకమే) ఏమీ కలపకుండా గాలికి వదిలేసిన ఇన్‌పుట్ హై కిందే లెక్క. సెకన్ల ఐసీలకు వీడియోలో చూసినట్టు 6, 7 గ్రౌండు చేసి ఉంటావు. నిమిషాల దగ్గరికి వచ్చేసరికి వైర్లు ఎక్కువై అవి మర్చిపోయి ఉంటావు, లేదా వైరు పెట్టినా లోపల పట్టుకుని ఉండదు.

నా మాట నమ్మి వైరు పెట్టేయకు. మల్టీమీటరు తీసుకుని, నల్ల ప్రోబు గ్రౌండుకు పెట్టి, ఎర్ర ప్రోబును ఐసీ కాలి మీదే ఆనించు. బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చే బోర్డు) రంధ్రంలో కాదు, కాలి మీద. 0 దగ్గర ఉంటే గ్రౌండు అందినట్టు. 1.4 వోల్టులకు అటూ ఇటూ చూపిస్తే ఆ కాలు గాలిలో ఉన్నట్టు. ఎల్‌ఎస్ ఐసీకి 0.8 లోపు అయితే లో, 2 దాటితే హై. మధ్యలో ఏదో వోల్టేజి కనబడిందంటే మొదట అనుమానించాల్సింది తెగిన వైరునే. (నీ దగ్గరున్నది హెచ్‌సీ అనే సీమాస్ రకమైతే ఈ లెక్క చెల్లదు. సీమాస్ ఇన్‌పుట్ గాలిలో ఉంటే ఎటు పోతుందో దానికే తెలియదు.)

కాలి మీదే పెట్టమని ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, 2001లో నా ప్రాజెక్టుకు రెండు రాత్రులు నిద్ర లేదు. పెద్ద బ్రెడ్‌బోర్డు, ఎడమ వైపు ఐసీలన్నీ పనిచేస్తున్నాయి, కుడి వైపువి చచ్చినట్టు పడి ఉన్నాయి. ఐసీలు మార్చాను, డిస్‌ప్లే మార్చాను. చివరికి హాస్టల్లో ఒక సీనియర్ వచ్చి "ఐసీ కాలి మీద ఎంత వస్తోంది?" అని ఒక్క ముక్క అడిగాడు. సప్లై దగ్గర 5 వస్తోంది కదా అన్నాను. "నేనడిగింది అది కాదు" అన్నాడు. కొలిస్తే సున్నా. పొడవు బోర్డుల్లో పైనా కిందా ఉండే ఎర్ర, నీలం పవర్ లైన్లు కొన్నిటిలో సరిగ్గా మధ్యలో తెగి ఉంటాయి. గీత కూడా అక్కడ ఆగిపోతుంది, మనమే చూడం. రెండంగుళాల వైరు ముక్కతో సమస్య తీరింది. అప్పటి నుంచి ఎవరు సాయం అడిగినా నేనడిగే మొదటి ప్రశ్న అదే. నీ నిమిషాల ఐసీలు కూడా బోర్డు రెండో సగంలోనే ఉండి ఉంటాయి, ఆ గీత ఒకసారి చూసుకో.

ఇక రెండో తప్పు. 6, 7 గ్రౌండు చేసి, సప్లై ఆపి మళ్ళీ ఇస్తే 9 పోయి ఏదో ఒక అంకె, బహుశా 0, పడుతుంది. పడి, మళ్ళీ కదలదు. అప్పుడు కంగారుపడి ఐసీ కాలిపోయిందనుకోకు. ఎందుకు కదలదో పేపరు మీద నువ్వే రాసి చూడు. సెకన్ల పదుల స్థానం లెక్కపెట్టేది 0 నుంచి 5 దాకానే. వాటిని బైనరీలో వరసగా రాయి: 0000, 0001, 0010, 0011, 0100, 0101. ఎడమ చివర ఉన్నది క్యూడీ, అంటే 11వ కాలు. ఆరు అంకెల్లో అది ఎక్కడైనా 1 అయిందా? లేదు. 11వ కాలు జన్మలో హై కాదు, హై కానిది లో కాలేదు, 7490 క్లాకు కదిలేదేమో హై నుంచి లోకి పడినప్పుడే. ఇక నిమిషాలకు పల్సు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒకట్ల నుంచి పదులకు 11వ కాలు సరైనదే. అక్కడ లెక్క 9 దాకా వెళ్తుంది, 8, 9 దగ్గర క్యూడీ హై అవుతుంది, 9 తర్వాత 0 రాగానే పడుతుంది. వీడియోలో చూపించింది ఆ ఒక్క కలయికే, నువ్వు దాన్ని అన్నిచోట్లా వాడేశావు. ఆరు దాకా లెక్కపెట్టే కౌంటరులో చూడాల్సింది క్యూసీ, అంటే 8వ కాలు. 4, 5 దగ్గర అది 1, తర్వాత 0. కాబట్టి సెకన్ల పదుల ఐసీ 8వ కాలి నుంచి నిమిషాల ఒకట్ల ఐసీ 14వ కాలికి ఇవ్వు. నిమిషాల పదుల నుంచి గంటలకు కూడా ఇంతే. 8వ కాలి నుంచి ఇప్పటికే 3వ కాలికి రీసెట్ వైరు ఉంటుంది, అది అలాగే ఉండాలి. దాన్ని పీకి ఇటు పెట్టకు, అదే కాలి నుంచి ఇంకో వైరు తీసుకో.

ఇదీ కొలిచే నమ్ము. మీటరును ఆ 8వ కాలి మీద పట్టుకుని డిస్‌ప్లే చూస్తూ కూర్చో. 39 దాకా లోలో ఉంటుంది. 40 పడగానే 3 వోల్టులు దాటాలి, 59 దాకా అక్కడే ఉండి 00 పడగానే దిగిపోవాలి. ఆ దిగడమే నీ నిమిషం.

సెకన్లు రెండేసి దూకడం మూడోది. ఇది ఖాయంగా ఫలానా అని ఇక్కడ కూర్చుని చెప్పలేను గానీ, మొదటి అనుమానం సెకనుకో పల్సు ఇచ్చే 555 టైమరు ఐసీ మీద. మామూలు 555 అవుట్‌పుట్ మారే క్షణంలో సప్లై నుంచి ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, ఆ కుదుపును 7490 ఇంకో పల్సు అనుకుంటుంది. 104 అని రాసి ఉండే చిన్న డిస్క్ కెపాసిటర్లు పది కొనుక్కో, రూపాయల్లో పని. ప్రతి ఐసీ వీసీసీకీ (5 వోల్టుల సప్లై కాలు) గ్రౌండుకూ మధ్య, కాళ్ళకు వీలైనంత దగ్గరగా ఒక్కొక్కటి గుచ్చు. సప్లై వచ్చే చోట 100 మైక్రోఫారడ్ ఒకటి. 555 ఐదో కాలి నుంచి గ్రౌండుకు 103 కెపాసిటరు, నాలుగో కాలు వీసీసీకి. అప్పటికీ దూకుతుంటే 555 నుంచి కౌంటరుకు వెళ్ళే వైరు ఎంత పొడవుందో చూడు. మూరెడు వైరు చుట్టలు చుట్టి పెట్టే వాళ్ళను చూశాను.

అన్నట్టు సప్లై దేంతో ఇస్తున్నావో రాయలేదు. 9 వోల్టుల చదర బ్యాటరీ, 7805 (5 వోల్టులకు తగ్గించే ఐసీ) పెట్టి నడిపిస్తుంటే మానెయ్. ఆరు డిస్‌ప్లేలు, పన్నెండు ఐసీలు కలిపి వందల మిల్లీఆంపులు లాగుతాయి, ఆ బ్యాటరీ అంత భారం మోయలేదు, వోల్టేజి జారిపోతుంది. ఈ ఐసీలకు కావలసింది 4.75 నుంచి 5.25. ఇంట్లో మూలన పడి ఉన్న 5 వోల్టుల పాత ఫోన్ ఛార్జరు, కోసి వాడుకోవడానికి ఒక పాత కేబులు చాలు.

ప్రోటియస్‌లో వచ్చింది కదా అన్నావు. అందులో ఐసీల పవర్ కాళ్ళు కనబడకుండా దాచి ఉంటాయి, నువ్వు కలపకపోయినా అదే కలుపుకుంటుంది. బోర్డు మీద నీకోసం ఎవరూ కలపరు. పైగా 7490 పవర్ కాళ్ళు అందరిలా మూలల్లో ఉండవు: వీసీసీ 5, గ్రౌండు 10. పద్నాలుగు కాళ్ళ ఐసీ కనబడగానే 14కు వీసీసీ, 7కు గ్రౌండు ఇచ్చేసే అలవాటు మనందరికీ ఉంది. చాట్‌బాట్‌లను అడిగినా ఒక్కోసారి అలాగే ధీమాగా చెప్పేస్తాయి. వాటిని వాడొద్దని అనను, "మోడ్-6 (0 నుంచి 5 దాకా లెక్కపెట్టి మళ్ళీ మొదలవడం) అంటే ఏంటి" లాంటివి బాగానే విడమరిచి చెబుతాయి. కాలి నంబరు మాత్రం డేటాషీటులో చూడకుండా గుచ్చకు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ డేటాషీటు ఉచితమే, మొదటి రెండు పేజీలు ప్రింటు తీసి గోడకు అంటించుకో.

ఇప్పుడు ఆ 4,500 గురించి. అమీర్‌పేటలో ప్రాజెక్టులు అమ్మే సెంటర్లు నా చదువు రోజుల నుంచీ ఉన్నాయి, ఇప్పుడు టెలిగ్రామ్‌లోకి కూడా వచ్చాయి, అంతే తేడా. నీతులు చెప్పడం నాకిష్టం లేదు, లెక్క చూద్దాం. నీ బోర్డు ముప్పావు వంతు అయిపోయింది. నిమిషాలు తిరగడానికి మిగిలింది రెండు వైర్లు, పది కెపాసిటర్లు. అతను పంపేది సోమవారానికి చేరుతుందో లేదో తెలియదు, దారిలో ఒక వైరు ఊడితే ఏది ఎక్కడిదో నీకు తెలియదు. తెలిసిన బోర్డు పాడైతే బాగుచేసుకుంటావు, తెలియని బోర్డు పాడైతే దాని ముందు నిలబడి చూస్తావు.

నేను కొన్నేళ్ళు ల్యాబులో పనిచేశాను, వైవాల్లో పక్కన నిలబడి చూసేవాణ్ణి. ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) వచ్చి సర్క్యూట్ థియరీ అంతా అడగడు. నడుస్తున్న బోర్డులో ఒక వైరు పీకి "ఇప్పుడేమవుతుంది?" అంటాడు. లేదా "దీన్ని ఎనిమిదికి మార్చు" అంటాడు. చేసినవాడు అర నిమిషం ఆలోచించి, 8 అంటే 1000, క్యూడీ ఒక్కటే హై, కాబట్టి 2, 3 రెండు కాళ్ళూ 11కు కలపాలి అంటాడు. కొన్నవాడు పీపీటీ వైపు చూస్తాడు. ఇంకోటి కూడా అడుగుతారు: పదుల స్థానంలో 6 రాగానే రీసెట్ అవుతుందంటున్నావు, మరి డిస్‌ప్లే మీద 6 ఎందుకు కనబడదు? కనబడేంత సేపు ఉండదు కాబట్టి. 0110 పడిన కొన్ని పదుల నానోసెకన్లలోనే అది తుడిచిపెట్టుకుపోతుంది, మన కంటికి అందదు. మంచి ఆసిల్లోస్కోప్ ఉంటే క్యూబీ (9వ కాలు) మీద సన్నటి ముల్లులా దొరుకుతుంది.

"హోంవర్క్ నువ్వే చేసుకో" అన్నాయన మీద కోపం పెట్టుకోకు. సమాధానాలు రాసే వాళ్ళకు రోజూ అసైన్‌మెంటు పేపరు ఫోటో తీసి పడేసే వాళ్ళు తగులుతుంటారు, విసుగొస్తుంది. ఎలక్ట్రానిక్స్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అనే ప్రశ్నోత్తరాల సైటులో హోంవర్క్ ప్రశ్నలకు తలుపులు మూసి లేవు, నీ ప్రయత్నం చూపించమంటారు, అంతే. నీ ప్రశ్నే నేనైతే ఇలా రాసేవాణ్ణి:

"74ఎల్‌ఎస్90లు నాలుగు, 7447లు నాలుగు, కామన్ ఆనోడ్ డిస్‌ప్లేలు. సప్లై ఐసీ కాలి మీద 4.9 వోల్టులు. సెకన్లు 00–59 సరిగ్గా తిరుగుతున్నాయి. మూడో 7490 (నిమిషాల ఒకట్లు) 9 దగ్గర ఆగింది. దాని 14వ కాలు 0.1, 2 మరియు 3 కాళ్ళు 0, 6వ కాలు 1.4, 7వ కాలు 1.4. చేత్తో గీసిన సర్క్యూట్, పైనుంచి తీసిన ఫోటో జతచేశాను. నిమిషాలు 60 సెకన్లకోసారి పెరగాలని నా ఉద్దేశం. 6, 7 కాళ్ళ మీద అనుమానం ఉంది, అదేనా?"

చదివావా? ఆ 1.4 దగ్గరకు రాగానే ప్రశ్న పంపాల్సిన పని లేకుండా పోతుంది. నాకు ఇలా చాలాసార్లు జరిగింది, రాయడం మొదలుపెట్టి సగంలో చెరిపేసి వెళ్ళి వైరు పెట్టుకున్నాను. ఫోటో తీసేటప్పుడు పగటి వెలుతురులో, నిటారుగా పైనుంచి తియ్యి, ఐసీల మీది నంబర్లు కనబడేలా వైర్లు పక్కకు తొయ్యి. ఎర్ర వైరు వీసీసీకి, నల్లది గ్రౌండుకు తప్ప ఇంక దేనికీ వాడకు. అన్నీ పసుపు వైర్లతో కట్టిన బోర్డు ఫోటో చూస్తే ఎంత ఓపికున్నవాడైనా పేజీ తిప్పేస్తాడు.

ప్రోటియస్ చేతిలో లేని స్నేహితులకు సర్క్యూట్‌వర్స్ చెప్పు. ఐఐఐటీ బెంగళూరు విద్యార్థులు మొదలుపెట్టింది, బ్రౌజరులోనే నడుస్తుంది, సర్క్యూట్ లింకును ప్రశ్నతో పాటు ఇచ్చేయొచ్చు. కౌంటర్ల దగ్గర పునాది బలహీనంగా ఉంటే ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ పాఠాలు) ఐఐటీ ఖరగ్‌పూర్ శంతను ఛటోపాధ్యాయ గారి డిజిటల్ సర్క్యూట్స్ పాఠాలు ఉన్నాయి, సబ్మిషన్ అయ్యాక తీరిగ్గా చూడు. ఈ నాలుగు రోజుల్లో కొత్త వీడియోలు మాత్రం చూడకు. ఒక్కొక్కడు ఒక్కో ఐసీ వాడతాడు, రెండు వీడియోలు కలిపి కట్టిన బోర్డును విప్పడం నరకం.

టైము కలిసొచ్చే కిటుకు ఒకటి. నిమిషాలు తిరుగుతున్నాయో లేదో చూడటానికి గంటసేపు కూర్చోనక్కర్లేదు. 555కు 10కే, 68కే (కే అంటే కిలో ఓములు) రెసిస్టర్లు, 10 మైక్రోఫారడ్ పెట్టి ఉంటే నీకు సుమారు సెకనుకొకటి వస్తుంది. ఆ కెపాసిటరు తీసి 104 పెట్టు, వేగం వంద రెట్లవుతుంది. గంట సుమారు 36 సెకన్లలో తిరిగిపోతుంది, రోజంతా పావుగంటలోపు. అంతా సరిగ్గా తిరిగాక పాతది పెట్టెయ్. ఎలక్ట్రోలిటిక్ విలువ అటూ ఇటూ ఉంటుంది కాబట్టి నీ గడియారం రోజుకు నిమిషాలే కాదు, గంటల తేడా కూడా చూపించవచ్చు. ఎక్స్‌టర్నల్ అడిగితే దాచకు. "32,768 హెర్ట్జ్ క్రిస్టల్, 4060 కౌంటరు ఐసీ వాడితే పద్నాలుగు సార్లు సగం చేసి 2 హెర్ట్జ్ వస్తుంది, ఇంకో ఫ్లిప్‌ఫ్లాప్‌తో 1 హెర్ట్జ్" అని చెప్పు. సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, నువ్వు హైదరాబాద్ కాకపోతే మీ ఊళ్ళో పాత టీవీ రిపేరు షాపాయన్ని అడుగు, 104లు ఆయన దగ్గర డబ్బా నిండా ఉంటాయి.

డిస్‌ప్లే మీద 6 తలలేకుండా, 9 తోకలేకుండా వస్తుంటే అది తప్పు కాదు, 7447 రాత అంతే. 1 వచ్చినప్పుడు ధగధగా వెలిగి 8 వచ్చినప్పుడు మసకబారుతుంటే మాత్రం ఏడు సెగ్మెంట్లకూ కలిపి ఒకే రెసిస్టరు పెట్టావన్నమాట. సెగ్మెంటుకు ఒకటి చొప్పున 330 ఓములు పెట్టు.

గంటల భాగం ఇప్పుడే ముట్టుకోకు. 24 దగ్గర రెండు ఐసీలనూ ఒకేసారి సున్నా చేయాలి. పదుల 9వ కాలు, ఒకట్ల 8వ కాలు తీసుకుని రెండింటి 2, 3 కాళ్ళకు ఇవ్వాలి. కొన్ని బోర్డుల్లో ఒకట్ల ఐసీ ముందే తుడిచిపెట్టుకుపోయి పదులది మిగిలిపోతుంది, 00 రావాల్సిన చోట 20 పడుతుంది. అది నిమిషాలు తిరిగాక చూద్దాం.

ఈ రాత్రికి మూడు రీడింగులు తీసి ఇక్కడే రాయి: నిమిషాల ఒకట్ల ఐసీ 5వ కాలు, 6వ కాలు, 7వ కాలు. 5వ కాలి మీద 4.75 కంటే తక్కువ వస్తే మిగతావేమీ చేయకుండా ముందు నాకు చెప్పు.